టెక్సస్ గన్ లైసెన్స్ న్యూజెర్సీలో చెల్లుతుందా?

ప్రశ్న, ఫ్రిస్కో నుంచి:

అందరికీ నమస్కారం. హెచ్-1బి మీద ఈమధ్యే టెక్సస్ వచ్చాను. నా రూమ్మేట్ అన్నకి గ్రీన్ కార్డు ఉంది, గన్ వెంట పెట్టుకునే టెక్సస్ లైసెన్స్, ఎల్‌టీసీ కూడా ఉంది. థాంక్స్‌గివింగ్‌కి ఇద్దరం కారులో న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్దామనుకుంటున్నాం, డ్రైవింగ్ చెరి సగం. తన పిస్టల్ కారులోనే ఉంటుందట. "ఇక ఒక రాష్ట్రం పర్మిట్ దేశమంతా చెల్లుతుంది, చట్టం వచ్చేస్తోంది" అని మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెట్టాడు. నిజమేనా? అయితే నేనూ ఒకటి తీసుకోవచ్చా? రాత్రిపూట గ్యాస్ స్టేషన్లలో దిగాలంటే టెన్షన్‌గా ఉంటోంది.

జవాబు, ప్లానో నుంచి:

తమ్ముడూ, ముందు నీ సంగతి చూద్దాం. బిల్లు సంగతి తర్వాత.

హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1, ఇలా నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు గన్ గానీ బుల్లెట్ గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. కొనడం ఒక్కటే కాదు, చేతిలో ఉండడమే నేరం. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్స్ కూడా అక్కర్లేదు కదా అని ఎవరైనా అంటారు. అది చట్టప్రకారం గన్ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లకే. నీకు ఆ అర్హతే లేదు. శిక్ష గరిష్ఠంగా 10 ఏళ్లు ఉండేది, 2022లో 15కి పెంచారు. జైలు సంగతి అటుంచు, గన్ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదే చాలు. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉండి ఈఏడీ (పని అనుమతి కార్డు) వచ్చినా అది గ్రీన్ కార్డు కాదు, ఇది మనవాళ్లు చాలామంది కలిపేసుకుంటారు.

"హంటింగ్ లైసెన్స్ కొనేయ్, పనైపోతుంది" అని చెప్పేవాళ్లు కూడా తగులుతారు. అలాంటి మినహాయింపు చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ టెక్సస్‌లో ఆ లైసెన్సుల్లో చాలావాటి గడువు ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1 పొద్దున నీ అల్మారాలో గన్ ఉందంటే మళ్లీ నేరమే. పైగా వేట లైసెన్స్ పెట్టుకుని గ్యాస్ స్టేషన్లో పిస్టల్‌తో తిరుగుతానంటే ఏ ఇమ్మిగ్రేషన్ లాయరూ ఔననడు. నేనైతే అసలు చెప్పను.

ఇక మీ గ్రూపులో ఆయన చెప్పిన బిల్లు. పేరు హెచ్.ఆర్. 38, తెచ్చింది నార్త్ కరోలినా ప్రతినిధి రిచర్డ్ హడ్సన్. 2025 జనవరిలో పెట్టారు, మార్చి 25న హౌస్ (కాంగ్రెస్ దిగువ సభ) జ్యుడీషియరీ కమిటీ 18-9తో ముందుకు పంపింది. మీ గ్రూపులో ఆయన హడావిడికి కారణం ఇదే అయ్యుంటుంది. సంతకం పెడతానని ట్రంప్ ముందే చెప్పాడు. అయినా కమిటీ దాటడం వేరు, చట్టం కావడం వేరు. ఇదే హడ్సన్ ఇదే నంబరుతో తెచ్చిన బిల్లు 2017 డిసెంబరు 6న హౌస్‌లో 231-198తో నెగ్గింది. సెనేట్‌లో దాన్ని పట్టించుకున్న నాథుడే లేడు.

చిక్కంతా సెనేట్‌లోనే. అక్కడ ఫిలిబస్టర్ (చర్చ సాగదీసి బిల్లును అడ్డుకోవడం) దాటాలంటే 60 ఓట్లు కావాలి. 2009లో ఇలాంటి సవరణకు 58 వచ్చాయి, 2013లో 57. అప్పట్లో పల్లె ప్రాంతాల రాష్ట్రాల డెమోక్రాట్లు కొందరు కలిసొచ్చారు. ఇప్పుడు అలాంటి డెమోక్రాట్లే సెనేట్‌లో దాదాపు కనుమరుగయ్యారు. రిపబ్లికన్లు 53 మంది, ఆ మిగతా ఏడుగురు ఎక్కణ్ణుంచి వస్తారో నాకైతే కనబడట్లేదు. విచిత్రమేంటంటే 2009లో ఆ సవరణ తెచ్చిన జాన్ థూన్ ఇప్పుడు సెనేట్ మెజారిటీ లీడర్. ఫిలిబస్టర్ జోలికి వెళ్లనన్నదీ ఆయనే.

సమర్థించేవాళ్లు డ్రైవింగ్ లైసెన్స్‌తో పోలుస్తారు: టెక్సస్ లైసెన్స్‌తో న్యూయార్క్‌లో కారు నడపొచ్చు, పిస్టల్‌కి ఎందుకు కుదరదు అని. వినడానికి బాగుంటుంది గానీ, డ్రైవింగ్ లైసెన్స్‌కి ఏ రాష్ట్రంలోనైనా పరీక్ష ఉంటుంది. పర్మిట్ లేకుండానే గన్ వెంట పెట్టుకోనిచ్చే రాష్ట్రాలు 2024లో సౌత్ కరోలినా, లూసియానా కూడా చేరాక 29 అయ్యాయి. ఈ బిల్లు ప్రకారం ఆ రాష్ట్రాలవాళ్లు ఫొటో ఐడీ ఒక్కటి చూపించి మాన్‌హాటన్‌లో తిరగొచ్చు. అదే న్యూయార్క్‌వాసి పర్మిట్ కావాలంటే 16 గంటల క్లాసు, 2 గంటల షూటింగ్ శిక్షణ పూర్తి చేయాలి. వాళ్లు ఎందుకు ఒప్పుకుంటారు చెప్పు.

కోర్టుల దారిలో మాత్రం కొంచెం కొంచెంగా కదులుతోంది. 2022 జూన్‌లో బ్రూయెన్ తీర్పులో సుప్రీంకోర్టు ఇంటి బయట కూడా గన్ వెంట ఉంచుకునే హక్కు ఉందని చెప్పింది. పక్క రాష్ట్రం పర్మిట్‌ని గుర్తించి తీరాలని మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత వచ్చిన కేసుల ఒత్తిడితో న్యూయార్క్ నగరం 2024 నుంచి బయటి రాష్ట్రాలవాళ్ల దరఖాస్తులు కూడా తీసుకుంటోంది. నా అంచనా ఏంటంటే, దేశమంతా ఒకే పర్మిట్ అనేది దగ్గర్లో రాదు. ఒక్కో రాష్ట్రానికి వేరేగా అప్లై చేసుకునే వీలు మాత్రం పెరుగుతుంది.

మీ రూట్ చూద్దాం. ఐ-30, ఐ-40 హైవేలు, టెన్నెసీలో ఐ-81 ఎక్కి పైకి వెళ్తారు కదా. వర్జీనియా దాటాక వెస్ట్ వర్జీనియా కాస్త తగిలి, మేరీల్యాండ్ వస్తుంది. అక్కడ ఐ-81 పొడవు 12 మైళ్లు. కాఫీ తాగేలోపు అయిపోతుంది. కానీ మేరీల్యాండ్ ఏ ఇతర రాష్ట్రం పర్మిట్‌నీ గుర్తించదు, ఆ 12 మైళ్లూ మీ అన్న ఎల్‌టీసీకి విలువ లేదు. తర్వాత పెన్సిల్వేనియా, ఆపైన న్యూజెర్సీ. న్యూజెర్సీలో మళ్లీ మేరీల్యాండ్ కథే.

జవాబు, ఎడిసన్ నుంచి:

ప్లానో అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం. న్యూజెర్సీ సంగతి నేను చెప్తాను. ఇక్కడ మా రాష్ట్రం పర్మిట్ లేకుండా పిస్టల్‌తో దొరికితే సెకండ్ డిగ్రీ నేరం, 5 నుంచి 10 ఏళ్లు. అందులో కనీసం 42 నెలలు పెరోల్ లేకుండా ఉండాలి. హాలో పాయింట్ (మొన బోలుగా ఉండే) బుల్లెట్లు ఉంటే దానికి ఇంకో కేసు. 2013లో ఫిలడెల్ఫియా మహిళ ఒకావిడ పెన్సిల్వేనియా పర్మిట్ ఉందన్న ధైర్యంతో ఇక్కడికి వచ్చింది. ట్రాఫిక్ స్టాప్‌లో తనే పోలీసుకి గన్ ఉందని చెప్పింది, అరెస్టయింది. చివరికి 2015లో గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష ఇస్తే గానీ బయటపడలేదు. ఆవిడ అమెరికా పౌరురాలు. వీసా మీద ఉన్నవాళ్ల పరిస్థితి ఆలోచించండి.

1986 నాటి ఫెడరల్ చట్టం ఒకటి దారిలో రక్షణ ఇస్తుంది. బయల్దేరే చోటా, చేరే చోటా గన్ చట్టబద్ధమై ఉండాలి. బుల్లెట్లు తీసేసి, గన్నూ బుల్లెట్లూ రెండూ సీట్లోంచి చేతికి అందకుండా ట్రంక్‌లో పెట్టాలి. ఎస్‌యూవీలో విడిగా ట్రంక్ ఉండదు కాబట్టి తాళం వేసిన పెట్టె కావాలి, గ్లోవ్ బాక్స్, కన్సోల్ లెక్కలోకి రావు. మీరు చేరేదే న్యూజెర్సీ, ఇక్కడ తను వెంట పెట్టుకోలేడు కాబట్టి ఆ చట్టం మీద ఆశ పెట్టుకోకండి. దాటిపోయేవాళ్లకే తిప్పలు తప్పలేదు. 2005లో యూటా మనిషి ఒకాయన నెవార్క్‌లో కనెక్షన్ తప్పి, గన్ ఉన్న బ్యాగు తీసుకుని హోటల్లో పడుకున్నాడు. మర్నాడు విమానాశ్రయంలో అరెస్టు. రాత్రంతా బ్యాగు ఆయన చేతికి అందేలా ఉంది కాబట్టి రక్షణ వర్తించదని 2010లో అప్పీల్ కోర్టు కూడా చెప్పింది.

ఆ పిస్టల్ ఫ్రిస్కోలోనే ఉంచి రమ్మనండి. అది కూడా తన గదిలో, తన తాళంలో. మీకు తాళం కోడ్ తెలియకూడదు.

ఫ్రిస్కో నుంచి:

చాలా థాంక్స్ అన్నయ్యా, అక్కా. అన్నకి చూపించాను, గన్ ఇక్కడే వదిలేస్తానన్నాడు. ఇంకొక్కటి. వీకెండ్లో తనతో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి ఊరికే ఒకసారి కాల్చొచ్చా?

ప్లానో నుంచి:

వద్దు తమ్ముడూ. అద్దె గన్ అయినా చేతిలో పట్టుకుంటే అది నీ దగ్గర ఉన్నట్టే. రేంజ్‌లో నింపమనే పేపర్ల మీద "నేను వీసా మీద లేను" అని టిక్ పెడితే అబద్ధం కూడా తోడవుతుంది.

ఇంకోటి, మీ అన్నకి చెప్పు. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాక్‌ప్యాక్ వేరే ఉంచుకోమను. అదే బ్యాగుతో ఇండియా వెళ్లి, జిప్ అడుగున మర్చిపోయిన ఒక్క బుల్లెట్‌తో శంషాబాద్‌లో దొరికితే ఆయుధాల చట్టం, 1959 కింద కేసు పెడతారు. తిరుగు టికెట్ తేదీ వాళ్లకి పట్టదు.