చెట్టు మీద పడుకున్న టర్కీ కోడికి ఎంత దూరంలో కూర్చోవాలి?

మిస్సోరీ_కిరణ్:
ఓజార్క్స్ కొండల్లో, పబ్లిక్ ల్యాండ్‌లో (అందరూ వేటాడగలిగే ప్రభుత్వ భూమిలో) వేటాడతాను. ఏప్రిల్ సీజన్ దగ్గరపడింది. ఒక టర్కీ పుంజు రోజూ ఒకే కొండ గట్టు మీద ఓక్ చెట్లలో పడుకుంటోంది. పోయిన సీజన్‌లో ఇలాగే దొరికిన పుంజు చెట్టు మీద ఉన్నంతసేపూ, పెట్టలా నేను పిలిచిన పిలుపుకి జవాబిచ్చింది. కిందికి దిగాక మాత్రం గట్టుకి అటువైపు వెళ్లిపోయింది. చీకట్లో ఎంత దగ్గరిదాకా వెళ్లొచ్చు? మీ అనుభవాలు చెప్పండి.

ఆర్కాన్సా_మూర్తి:
కిరణ్ గారూ, ఆకులు ఇంకా పూర్తిగా రాని అడవిలో నేనైతే వంద గజాల లోపలికి వెళ్లను. నూట యాభై అయినా పర్లేదు. టర్కీకి రాత్రి చూపు తక్కువే. కానీ కాస్త వెలుగు రాగానే అంత ఎత్తు నుంచి నేలంతా దానికి కనిపిస్తుంది, మీరు మోకాలు సర్దుకున్నా పట్టేస్తుంది.

దూరం కంటే నేను ఎక్కువ ఆలోచించేది అది ఎక్కడ దిగుతుందన్నది. దట్టమైన పొదల్లోకి దిగడం దానికి ఇష్టం ఉండదు. రెక్కలకి చోటుండి, చుట్టూ కనిపించే చోటు చూసుకుంటుంది: గట్టు మీది చదును, కలప లారీలు తిరిగిన పాత బాట, చిన్న మైదానం. ఆ చోటు అంచున కూర్చోండి. గట్టు కింద కూర్చుని, పైనున్న పుంజుని కిందికి రప్పించడం కష్టం. దాంతో సమానమైన ఎత్తులోనో, ఇంకాస్త పైనో ఉండాలి.

ఆస్టిన్_శ్రీధర్:
మా టెక్సస్ హిల్ కంట్రీలో లెక్క వేరు. ఇక్కడివి రియో గ్రాండే రకం టర్కీలు. మీ వైపుండే ఈస్టర్న్ రకం టర్కీలు చెట్లు మారుస్తుంటాయి. ఇవి ఏటి ఒడ్డున పెద్ద పీకన్ చెట్లకి ఏళ్ల తరబడి తిరిగొస్తూనే ఉంటాయి, చలికాలంలో ఒక్కచోటే వందల్లో చేరతాయి. అలాంటి చోట వంద గజాలంటే మరీ దగ్గర. చీకట్లో ఒక్క పెట్ట బెదిరినా మందంతా లేస్తుంది. పదేపదే బెదిరిస్తే ఆ చెట్లే వదిలేస్తాయి. పడుకునే చోటి దరిదాపుల్లో వేటే వద్దనే రాంచ్ యజమానులున్నారు, ఆ మాట నూటికి నూరుపాళ్లు సరైనది.

నేను దిగాక మేతకి నడిచే దారిలో, మూడొందల గజాల అవతల కూర్చుంటాను. కంచె కింద సందులు, పశువుల బాటలు వెతకండి. రెట్టలు చూస్తే ఎవరు నడిచారో తెలుస్తుంది. పుంజు రెట్ట చేతికర్ర పిడిలా వంపు తిరిగి ఉంటుంది, పెట్టది చుట్టలు చుట్టుకుని ఉంటుంది.

డాలస్_కొత్తవాడు:
ఎండుటాకుల మీద చప్పుడు కాకుండా ఎలా నడుస్తారన్నా? టార్చ్ వాడొచ్చా? ఇంకోటి, నాది హెచ్-1బి. అసలు తుపాకీ పట్టుకోవచ్చా?

ఆర్కాన్సా_మూర్తి:
వీసా సంగతి ముందు. హెచ్-1బి మీదున్నవాళ్లకి ఫెడరల్ చట్టం తుపాకీ నిషేధించింది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. అయినా మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే ముందుకెళ్లు తమ్ముడూ.

ఇక నడక. సూర్యోదయానికి గంట ముందే కూర్చుని ఉండాలి. ఎర్ర లైట్ నేలకేసి పట్టుకుంటాను, చివర్లో అదీ ఆపేస్తాను. మనిషి నడక ఆగకుండా ఒకే లయలో సాగుతుంది, దాంతోనే దొరికిపోతాం. నాలుగడుగులు వేసి ఆగు, రెండడుగులు వేసి మళ్లీ ఆగు. ముందురోజు పగలే దారి చూసుకుని, కూర్చునే చెట్టు మొదట్లో ఆకులు కాలితో పక్కకి తోసి రా. రాత్రి వాన పడితే తడి ఆకులు చప్పుడు చేయవు, అప్పుడు ఇంకో ఇరవై ముప్పై గజాలు ముందుకెళ్లొచ్చు. వెన్నెల బాగా ఉంటే మాత్రం వెనకే ఆగిపో.

జార్జియా_పద్మ:
పిలుపు గురించి కూడా మాట్లాడుకోవాలి. పుంజు అరిస్తే పెట్ట దాని దగ్గరికి వెళ్లడం సహజం, మనం ఆ వరసని తిరగేస్తున్నాం. చెట్టు మీదుండగా ఎక్కువ పిలిస్తే, పెట్టే వస్తుందిలే అని పుంజు కొమ్మ మీదే కూర్చుంటుంది. అందుకే స్లేట్ మీద (పుల్లతో రాస్తే పెట్ట కూత వినిపించే పలక) పుల్లని గోరంత వలయంలో, చాలా మెల్లగా, మూడు నాలుగుసార్లు తిప్పండి. పెట్ట అప్పుడే నిద్రలేచినట్టు వినిపిస్తే చాలు. పుంజు పలికిందా, పుల్ల కింద పెట్టేయండి. రెక్కల చప్పుడు విని, అది నేల మీదికొచ్చిందని తెలిశాకే మళ్లీ పిలవండి.

కిరణ్ గారూ, మీ పుంజు అటు వెళ్లడానికి కారణం బహుశా పెట్టలే. ముందురోజు పొద్దుగూకేటప్పుడు దూరం నుంచి చూడండి, పెట్టలు ఎటువైపు ఎక్కుతున్నాయో ఆ పక్కకి వెళ్లండి. చీకటి పడుతుండగా గుడ్లగూబ కూత ఒక్కసారి వేయండి. పుంజు పలికితే చోటు గుర్తుపెట్టుకుని వచ్చేయండి.

ఒక మాట గట్టిగా చెప్తాను. కొమ్మ మీదున్న టర్కీని కాల్చడం చాలా రాష్ట్రాల్లో నేరం. నేరం కాని చోట కూడా నేను ఒప్పుకోను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇవి చాలా రాష్ట్రాల్లో పూర్తిగా కనుమరుగయ్యాయి. అడవి టర్కీలని వలలతో పట్టి ఒక్కో చోట వదులుతూ మళ్లీ పెంచారు. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద మనం తుపాకులు, తూటాల మీద కట్టే పన్ను కూడా వన్యప్రాణుల పునరుద్ధరణకే వెళ్తుంది. ఇంత కష్టపడి తెచ్చుకున్న దాన్ని నిద్రలో కాల్చకూడదు.

పబ్లిక్ ల్యాండ్‌లో ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వద్దు. అవి పుంజు తల రంగులు. మీరు విన్న కూత ఇంకో వేటగాడిది కావచ్చు, దాని మీదికి పాక్కుంటూ వెళ్లకండి. భుజాల కంటే వెడల్పున్న చెట్టుకి వీపు ఆనించండి. ఎవరైనా కనిపిస్తే చెయ్యి ఊపకుండా గట్టిగా మాట్లాడండి.

మిస్సోరీ_కిరణ్:
పద్మ గారూ, నిన్న చూశాను. పెట్టలు గట్టుకి తూర్పున ఎక్కుతున్నాయి. పార్కింగ్ నుంచి అటు వెళ్లాలంటే చిన్న వాగు దాటాలి. ఇవతలి ఒడ్డునే కూర్చుని పిలిస్తే సరిపోదా? అక్కడి నుంచి చెట్టు నూట ఇరవై గజాలుంటుంది.

ఆస్టిన్_శ్రీధర్:
దాటండి. ఎగరగలిగేదే అయినా, పిలుపు విని నడిచొచ్చే పుంజు నీళ్లో కంచో అడ్డొస్తే తరచూ అక్కడే ఆగిపోతుంది. బూట్లు తడిస్తే తడవనీండి, వాగు చప్పుడులో మీ అడుగులు కూడా వినిపించవు. అవతల యాభై గజాలు వెనక్కి కూర్చున్నా నష్టం లేదు. పొగమంచు పడితే ఆలస్యంగా దిగుతాయి, తొందరపడి లేవకండి.