స్కాట్లండ్‌లో నడిచే హక్కు అందరిదీ, చేప మాత్రం కొందరిదేనా?

కొండబాట:
స్కాట్లండ్‌లో 2003 భూసంస్కరణ చట్టం వచ్చాక, బాధ్యతగా మసలుకుంటే ప్రైవేటు ఎస్టేట్‌లో కూడా నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు, ఈదొచ్చు, తెడ్డు పడవ నడపొచ్చు, గుడారం వేసుకుని పడుకోవచ్చు. కానీ అదే చట్టం 9వ సెక్షన్ చేపలు పట్టడాన్ని ఈ హక్కులోంచి తీసేసింది. నీళ్లలో దిగి ఈదేవాడు ఎవరినీ అడగక్కర్లేదు, ఒడ్డున కూర్చుని గాలం వేసేవాడు మాత్రం అడగాలి! పైగా అక్కడ సాల్మన్ పట్టే హక్కు భూమితో పని లేకుండా విడిగా కొనుక్కునే ఆస్తి. గట్టు ఒకరిది, ఆ గట్టు కింద ఈదే సాల్మన్‌ను పట్టే హక్కు ఇంకొకరిది. గాలం వేటను కూడా అందరి హక్కులో కలపాలంటాను నేను. మీరేమంటారు?

ఏటిఒడ్డు:
కలపకూడదంటాను, కొండబాట గారూ. మీరు నడిచి వెళ్లాక కూడా బాట అక్కడే ఉంటుంది. మీరు చేపను పట్టుకెళ్తే నదిలో ఒకటి తగ్గుతుంది. అందులోనూ సాల్మన్ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తను పుట్టిన నదికే తిరిగొస్తుంది. అలా వచ్చే చేపలు కొన్ని దశాబ్దాల్లో బాగా తగ్గిపోయాయి. బ్రిటన్ సాల్మన్‌ను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2023 డిసెంబరులో అంతరించిపోయే ప్రమాదమున్న వాటిలో చేర్చింది. స్కాట్లండ్‌లో 2016 నుంచి సాల్మన్ పరిస్థితిని బట్టి నదులకు గ్రేడ్లు ఇస్తున్నారు. మూడో గ్రేడ్ నదిలో గాలానికి పడిన ప్రతి సాల్మన్‌నూ వదిలేయాల్సిందే. ఆదివారం సాల్మన్‌కి గాలం వేయకూడదు. గాలంతో పట్టిన సాల్మన్‌ను ఏ రోజూ అమ్మకూడదు.

"వదిలేస్తాం కదా" అంటారేమో. వదలడం కూడా తెలిసి చేయాలండీ. పొడి చేతులతో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పొర ఊడొస్తుంది, ఆ చోట జబ్బు పట్టుకుంటుంది. కొక్కెం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు లేకపోతే, చేప నీళ్లలో ఉండగానే వేళ్లతో కాస్త వెనక్కి తిప్పితే చాలు, వచ్చేస్తుంది. ఆ తర్వాత తల ప్రవాహానికి ఎదురుగా ఉండేలా పట్టుకుని, అది తనంతట తాను తోక ఆడించి జారిపోయేదాకా ఆగాలి. ఫొటో కోసం ఒడ్డున గడ్డి మీద పడుకోబెట్టిన చేప, వదిలాక ఈదుకుంటూ వెళ్లినట్టే కనిపించినా బతుకుతుందన్న నమ్మకం లేదు.

తూనీగ:
ఏటిఒడ్డు గారూ, మీరు చెప్పిందంతా సాల్మన్ గురించే. మరి మిగతా చేపల మాటేమిటి? ఫిన్లండ్‌లో మామూలు కర్ర గాలం వేయడానికీ, గడ్డకట్టిన సరస్సులో కన్నం చేసి పట్టడానికీ ఎవరూ పైసా కట్టక్కర్లేదు. స్వీడన్ తీరంలోనూ అక్కడి ఐదు పెద్ద సరస్సుల్లోనూ గాలానికి అనుమతి అడగరు. అక్కడ చేపలు అంతరించిపోలేదే!

ఏటిఒడ్డు:
నిజమేనండీ. కానీ అదే ఫిన్లండ్‌లో వలస చేపలు ఎక్కివచ్చే రాపిడ్స్‌లో, అంటే నది వడిగా ఉరికే చోట్ల, ఆ ఉచిత హక్కు చెల్లదు. వాళ్లు నీటిని బట్టి, చేపను బట్టి గీత గీశారు. ఆ పద్ధతి నాకూ సమ్మతమే. అన్నిటినీ గంపగుత్తగా తెరవమంటేనే ఒప్పుకోను.

గవ్వ:
ఒక్క మాట. స్కాట్లండ్ సముద్ర తీరంలో సాల్మన్, సీ ట్రౌట్ (సముద్రానికి వెళ్లి నదికి తిరిగొచ్చే ట్రౌట్ చేప) తప్ప మిగతా సముద్రపు చేపలకి గాలం వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ జాతికి ఎంత సైజు, ఎన్ని పట్టొచ్చన్నది మాత్రం చూసుకోండి.

ఇంగ్లండ్ నుంచి వచ్చేవాళ్లు ఇంకో దగ్గర పొరబడుతుంటారు. అక్కడ 13 ఏళ్లు నిండితే నదుల్లో, సరస్సుల్లో గాలానికి ప్రభుత్వ లైసెన్స్ ఉండాలి. స్కాట్లండ్‌లో, ఇంగ్లండ్ సరిహద్దులోని బోర్డర్ ఎస్క్ నది ప్రాంతం తప్పిస్తే, అలాంటి లైసెన్సే లేదు. లైసెన్స్ లేదంటే అనుమతి కూడా అక్కర్లేదని కాదు. రాతపూర్వక అనుమతి లేకుండా సాల్మన్‌కి గాలం వేస్తే అది నేరం. మంచినీళ్లలోనే ఉండే బ్రౌన్ ట్రౌట్‌కైతే మామూలుగా సివిల్ తగాదా అవుతుంది, ప్రభుత్వం రక్షణ ఉత్తర్వు ఇచ్చిన నీళ్లలో అదీ నేరమే. అక్టోబరు 7 నుంచి మార్చి 14 దాకా బ్రౌన్ ట్రౌట్ వేట ఎవరికైనా నిషేధమే.

కొండబాట:
గవ్వ గారూ, ఆ రక్షణ ఉత్తర్వు దగ్గరే నా బాధంతా. యజమానులకి నేర చట్టం అండ దొరుకుతోంది సరే, జనానికి ఏం దొరుకుతోంది?

ఏటిఒడ్డు:
అక్కడే మీ వాదనకు బలముంది. ఆ ఉత్తర్వు ఊరికే ఇచ్చేది కాదు. దానివల్ల జనానికి వేట అవకాశం బాగా పెరుగుతుందంటేనే మంత్రులు ఇవ్వాలని చట్టం చెబుతోంది. అంటే పర్మిట్లు అడిగినవాళ్లకి సరసమైన ధరకి దొరకాలి. ఏ దుకాణంలోనూ దొరకని పర్మిట్‌ను అడ్డం పెట్టుకుని జనాన్ని దూరం పెడితే నేనూ మీ పక్షమే. "ఇది చేపల వేట స్థలం" అని బోర్డు పెట్టి నడిచేవాళ్లను వెనక్కి పంపడం కూడా తప్పే. నడిచే హక్కు అలాంటి బోర్డుతో పోదు. గాలం వేసిన చోట నీళ్లు కలచకుండా కాస్త ఎడంగా వెళ్తే సరిపోతుంది.

కానీ మన వైపు నుంచి కూడా చూడండి. నైలాన్ దారం ముక్క ఒడ్డున వదిలేస్తే హంస కాళ్లకు చుట్టుకుంటుంది, అది ఈదేకొద్దీ బిగుస్తుంది. లాక్ లోమండ్ సరస్సు ఒడ్డున చెట్లు నరికి మంటలు వేసి, గుడారాలు అక్కడే పారేసి పోయేవాళ్లు ఎక్కువవడం వల్లే, 2017 నుంచి మార్చి మొదలు సెప్టెంబరు దాకా చాలా చోట్ల గుడారానికి పర్మిట్ పెట్టారు.

తూనీగ:
అయితే ట్రౌట్, పైక్ లాంటి మంచినీటి చేపలున్న సరస్సులతో మొదలుపెడదామా? ముల్లు లేని కొక్కెం, ఒక్క గాలం, పట్టింది వదిలేయాలి, పర్మిట్ ఫోన్లోనే దొరకాలి. సాల్మన్ నదుల జోలికి వెళ్లొద్దు.

కొండబాట:
దానికి నేను సరే. పిల్లలకు మాత్రం పర్మిట్ ఉచితంగా ఇవ్వాలి. ఏటిఒడ్డు గారూ, మీరేమంటారు?