లారీ డోర్ చిన్న అద్దం, రబ్బరు మార్చడం ఎలా?

ప్రశ్న: అన్నా, డోర్ ముందుమూల కదలని చిన్న అద్దం పగిలింది. రబ్బరు గట్టిపడి వాన నీళ్లు కారుతున్నాయి. బయటినుంచే మార్చొచ్చా?

జవాబు: బయటినుంచి పీకొద్దు తమ్ముడూ, రేకు వంగుతుంది. పెద్ద అద్దం పూర్తిగా దించి, డోర్ లోపలివైపు కప్పి ఉండే ప్యాడ్ విప్పు. రెండు అద్దాల మధ్య నిలువు చానల్‌కి (పెద్దద్దం జారే గాడి పట్టీకి) పైనా కిందా స్క్రూలుంటాయి. అవి తీసి చానల్‌ని వెనక్కి వంచితే చిన్నద్దం రబ్బరుతో సహా వచ్చేస్తుంది.

జవాబు: కొత్త రబ్బరును ముందు అద్దానికి తొడిగి, సబ్బునీళ్లు రాసి నెట్టాలి. గ్రీజు, డీజిల్ అసలు వద్దు, రబ్బరు ఉబ్బి వదులవుతుంది. ఫ్రేములో తుప్పు గీకి ప్రైమర్ కొట్టకపోతే కొత్త రబ్బరూ కారుతుంది.

జవాబు: టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దాన్ని తయారయ్యాక కోయలేం, పొడైపోతుంది. అందుకే రెండో డోర్ చిన్నద్దం మీద అట్ట పెట్టి గీసి, తిరగేసి ఆ కొలతకే కొత్తది చేయించు.