మన జట్టు డిఫెన్స్ నిజంగా బాగుందా, లేక లెక్క అలా చూపిస్తోందా?

కంటోన్మెంట్ కుర్రాడు (విజయనగరం):
ఈసారి అంతర కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీల్లో మా కాలేజీ జట్టు గెలిచినవాటి కన్నా ఓడినవే ఎక్కువ. అయినా మా గ్రూపులో ఎదుటి జట్లకి అందరికన్నా తక్కువ పాయింట్లు ఇచ్చింది మేమే. దాన్ని పట్టుకుని పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్‌తో సహా అందరూ "డిఫెన్స్‌కి ఢోకా లేదు, బాస్కెట్ వేసేవాళ్లే కావాలి" అంటున్నారు. వచ్చే సెలక్షన్స్‌లో షూటర్లనే తీసుకుంటారట. ఆ లెక్క మనల్ని తప్పుదారి పట్టిస్తోందని నా గట్టి నమ్మకం. మేం బంతిని నింపాదిగా ముందుకు తెస్తాం, ఇరవై సెకన్లు దాటితే గానీ షాట్ వేయం. అలా ఆడితే రెండు జట్లకీ అవకాశాలు తగ్గిపోతాయి. అవకాశాలే తక్కువైనప్పుడు ఎదుటివాళ్ల పాయింట్లూ తగ్గుతాయి కదా. అందులో డిఫెన్స్ గొప్పతనం ఎంత?

పాత సెంటర్ (శ్రీకాకుళం):
తమ్ముడూ, నేను కాలేజీలో ఉన్నప్పుడు సెంటర్‌గా ఆడాను. జోన్ డిఫెన్స్‌లో, అంటే మనిషి వెంట పడకుండా తన వంతు చోటుని కాస్తూ, మోకాళ్లు వంచి, చేతులు చాచి ఇరవై సెకన్లు నిలబడితే తెలుస్తుంది ఆ కష్టం. ఎదుటివాడు తేలిక షాట్ దొరక్క బంతిని చుట్టూ తిప్పుతున్నాడంటే అది డిఫెన్స్ చేసిన పనే. అంటే ఆట నెమ్మదించడంలో వాళ్ల వాటా కూడా ఉంది. అమెరికాలో టోనీ బెనెట్ కోచ్‌గా ఉన్నప్పటి వర్జీనియా యూనివర్సిటీ జట్టునే చూడు. 2017-18 సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 54 పాయింట్లే ఇచ్చారు, దేశంలో అదే అతి తక్కువ. నెమ్మదిగా ఆడతారని వాళ్లనీ ఇలాగే అన్నారు. మరుసటి ఏడాది, 2019లో, అదే పద్ధతిలో ఆడి జాతీయ చాంపియన్లయ్యారు. ఓడిపోతున్న పిల్లలకి మిగిలిన ఒక్క మంచి పేరునీ తీసేయకండి.

స్కోరర్ బల్ల (విజయనగరం):
అన్నయ్యా, వర్జీనియా ఉదాహరణ సరైనదే, కానీ అది కుర్రాడి మాటకే బలం ఇస్తుంది. వాళ్ల డిఫెన్స్ గొప్పదని చెప్పేది 54 అనే అంకె కాదు. ఒక్కో పొసెషన్‌కి, అంటే బంతి ఎదుటి జట్టు చేతికి వచ్చిన ఒక్కో విడతకి, ఎన్ని పాయింట్లిచ్చారని చూసినా వాళ్లు దేశంలో ముందు వరుసలోనే ఉన్నారు. చూడాల్సిన కొలత అదే.

రెండు జట్లు ఉన్నాయనుకుందాం. ఒకటి 60 పొసెషన్లలో 60 పాయింట్లు ఇచ్చింది. రెండోది 80 పొసెషన్లలో 72 ఇచ్చింది. పేపర్లో మొదటి జట్టు డిఫెన్సే మెరుగ్గా కనబడుతుంది. వంద పొసెషన్లకి లెక్కేస్తే మొదటిది 100, రెండోది 90. అంటే రెండో జట్టే బాగా ఆపింది.

పొసెషన్లు లెక్కపెట్టడం కష్టమేమీ కాదు. వేసిన షాట్లలోంచి అఫెన్సివ్ రీబౌండ్లు (తమ షాట్ తప్పాక తామే మళ్లీ అందుకున్న బంతులు) తీసేసి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే పోగొట్టుకున్న బంతులు) కలిపి, ఫ్రీ త్రోలలో (ఫౌల్‌కి దక్కే అడ్డులేని షాట్లు) దాదాపు సగం కలపాలి. అమెరికా కాలేజీ ఆటకి ఆ సగాన్ని 0.475గా తీసుకుంటారు. చిక్కంతా ఏమిటంటే, మన స్కోర్ షీట్‌లో పడిన బాస్కెట్లు, ఫౌల్స్, టైమ్ ఔట్లు రాస్తాం. తప్పిన షాట్ రాయం, రీబౌండ్ రాయం, టర్నోవర్ రాయం. నేను ఎన్నో మ్యాచ్‌లకి ఆ బల్ల దగ్గర కూర్చున్నాను, ఆ షీట్ చూసి డిఫెన్స్ గురించి తీర్పు చెప్పడం కుదరదు. పీడీ సార్‌ది తప్పనను, ఆయన చేతిలో ఉన్న అంకె అదొక్కటే.

ఇంకో మాట. ఎదుటివాళ్లు ఫ్రీ త్రో మిస్సయితే అందులో మన డిఫెన్స్ చేసిందేమీ లేదు. త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) ఎన్ని వేయనివ్వాలన్నది చాలావరకు మన చేతిలో ఉంటుంది, వేసినవాటిలో ఎన్ని పడతాయన్నది అంతగా ఉండదు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ గణాంకాల నిపుణుడు కెన్ పొమెరాయ్ చాలా కాలంగా చెబుతున్నది ఇదే. నాలుగైదు మ్యాచ్‌ల టోర్నమెంట్‌లో ఎదుటివాళ్ల త్రీలు పడకపోతే మనం గోడ కట్టినట్టే కనిపిస్తాం.

పాత సెంటర్:
నీ లెక్క ఒప్పుకుంటున్నా. కానీ నేను వీళ్ల మ్యాచ్‌లు రెండు చూశాను. ఎదుటి జట్టు మొదటి షాట్‌కి ఖాళీ దొరకడమే గగనంగా ఉంది. అది కళ్లారా చూశాక చెడ్డ డిఫెన్స్ అని ఎలా అనమంటావు?

ఎచ్చెర్ల గార్డ్:
అన్నా, మేం ఈ జట్టుతో ప్రాక్టీస్ మ్యాచ్ ఆడాం. మీరన్నది నిజమే, మొదటి షాట్ కష్టం. అందుకే మా కోచ్ హాఫ్ టైమ్‌లో ఒక్కటే చెప్పారు: "షాట్ పడకపోయినా ఫర్వాలేదు, ఎత్తైన ఇద్దరూ బోర్డు కిందికి పోండి." వాళ్లు జోన్‌లో నిలబడి బంతినే చూస్తారు, వెనకున్న మనిషిని బాక్స్ ఔట్ చేయరు, అంటే బంతి అందకుండా ఒంటితో అడ్డుకోరు. మాకు రెండో షాట్, ఒక్కోసారి మూడో షాట్ కూడా దొరికేది. రీబౌండ్ మాదైతే షాట్ వేయడానికి గడియారం మళ్లీ 14 సెకన్లు ఇస్తుంది. అలసిపోయిన కాళ్లతో వాళ్లు మళ్లీ మొదటినుంచి కాపు కాయాలి. చివరి క్వార్టర్‌కి చేతులు వేసి ఫౌల్స్ చేసేవాళ్లు. ఆ క్వార్టర్‌లో వాళ్ల టీమ్ ఫౌల్స్ నాలుగు దాటాక మేం ఫ్రీ త్రో లైన్ దగ్గరే గడిపాం.

కంటోన్మెంట్ కుర్రాడు:
నాకు కావాల్సిన మాట ఇదే అన్నా. మా లోటు ఉన్నది డిఫెన్సివ్ రీబౌండ్‌లో. మొదటి షాట్ ఆపడం సగం పనే, బంతి చేతికి వచ్చాకే డిఫెన్స్ అయినట్టు. సెలక్షన్స్‌లో షూటర్లని మాత్రమే తీసుకుంటే ఈ చిల్లు అలాగే ఉండిపోతుంది. బోర్డు కింద భుజం పెట్టి నిలబడే కుర్రాడు, పాయింట్లు వేయకపోయినా, జట్టులో ఉండాలి. పీడీ సార్‌కి ఈ మాట చెప్తే "అంకె చూపించు" అంటారు. ఆదివారం ప్రాక్టీస్ మ్యాచ్ ఉంది. షాట్లు, టర్నోవర్లు, ఫ్రీ త్రోలు నేను రాస్తాను. రెండు వైపులా రీబౌండ్లు రాయడానికి ఇంకొకరు కావాలి.

పాత సెంటర్:
రీబౌండ్లు నేను రాస్తాను, పొద్దున్న బస్సుకి వచ్చేస్తా. కానీ వంద పొసెషన్లకి లెక్కేశాక కూడా వీళ్ల డిఫెన్స్ మంచిదనే వస్తే, అది సార్ ముందు నువ్వే చెప్పాలి.