నెత్తిమీద లైట్లు, షటిల్ కనబడట్లేదు

ప్రశ్న (పటమట, విజయవాడ): మేం ఆడే ఇండోర్ కోర్టులో ఎల్ఈడీలు సరిగ్గా నెత్తిమీదే ఉన్నాయండి. హై క్లియర్ (ఎత్తుగా, వెనక గీత దాకా కొట్టే షాట్) లేస్తే షటిల్ ఆ వెలుగులో మాయమవుతోంది. క్యాప్ పెట్టుకుంటే తగ్గుతుందా?

జవాబు 1: క్యాప్ వద్దండి, పైకి చూసినప్పుడు అంచు షటిల్‌నే కప్పేస్తుంది. షటిల్ కిందకే వెళ్లి నిలబడకుండా, పక్కకు తిరిగి ఒక అడుగు వెనక ఉండండి. రాకెట్ లేని చేతిని ఎత్తి లైటుకు అడ్డం పెట్టండి. లైటును సూటిగా చూస్తే కంట్లో మచ్చ నిలిచిపోయి, తర్వాతి షాట్ కూడా పోతుంది.

జవాబు 2 (గుంటూరు): అసలు మందు లైట్ల చోటు మార్చడమే. కోర్టు వెడల్పు 6.1 మీటర్లు, ఆ మేర పైన ఏమీ లేకుండా, సైడ్ లైన్లకు బయట పొడవునా రెండు వరుసలు వేయించమనండి. అంత ఖర్చు వద్దంటే వెలుగును మెత్తగా పరిచే పాలరంగు డిఫ్యూజర్ మూతలైనా బిగించాలి. సగం లైట్లు ఆర్పేస్తే మాత్రం లాభం లేదు. చుట్టూ చీకటైతే మిగిలినవి ఇంకా గుచ్చుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు: మూతల సంగతి నిర్వాహకులతో మాట్లాడతానండి.