తాతగారి భూముల కంపెనీ ఎవరిది? రిజిస్టరులో ఎక్కువ వాటాలున్నవారిదేనా?

గట్టుమీద వేపచెట్టు:

తాతగారు 1978లో 22 ఎకరాలు ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పేరున కొన్నారు. పోయేముందు నాన్నకూ బాబాయికీ చెరి 5,000 వాటాలు రాసిచ్చారు. ఏ శాఖకూ సగానికి మించి పోకూడదన్నది ఆయన మాట. ఇంట్లో అందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం లేదు.

నాన్న పోయి 2 సంవత్సరాల 4 నెలలు. ఆయన వాటాలు అమ్మ పేరుకు మార్చమని అడిగితే బాబాయి సభ్యుల రిజిస్టరు తెరిచి చూపించారు. నాన్న పోవడానికి 19 రోజుల ముందు బోర్డు సమావేశం జరిగిందట. అందులో 15,000 కొత్త వాటాలు, ఒక్కొక్కటి 10 రూపాయల ముఖవిలువకు, బాబాయికే కేటాయించారట. లక్షన్నర రూపాయలతో ఆయన 80 శాతానికి చేరారు. సగం ఉన్న మేము 20 శాతానికి పడిపోయాం. తరువాత ఆయన తన కొడుకును కూడా డైరెక్టరుగా తెచ్చుకున్నారు.

మినిట్స్ పుస్తకంలో నాన్న పేరుకు ఎదురుగా 'హాజరు' అని ఉంది. ఆ రోజు నాన్న ఐసీయూలో ఉన్నారు. నోట్లో గొట్టం. నేను పక్కనే కూర్చున్నాను. ఆస్పత్రి కేస్ షీటు నా దగ్గరే ఉంది.

రిజిస్టరులో పేరున్నవారిదే కంపెనీ అని బాబాయి అంటున్నారు. భూమి పంపకానికి దావా వేయమని బంధువులు అంటున్నారు. ఆ రిజిస్టరే తప్పని నేనంటాను. మీరేమంటారు?

పాత గుమాస్తా:

ముప్పై ఏళ్లు కంపెనీల పుస్తకాలు రాసినవాణ్ణి. అమ్మా, ముందు ఒక చేదు మాట చెప్పాలి. ఆ 22 ఎకరాల్లో మీకు గజం నేల కూడా లేదు. మీ బాబాయికీ లేదు. భూమి కంపెనీది. తేయాకు కంపెనీల్లో వాటాలున్న ఒకావిడ తన డివిడెండును వ్యవసాయ ఆదాయంగా లెక్కగట్టాలని కోరిన బచా గుజ్దార్ కేసులో, 1954లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. వాటాదారుకు కంపెనీ ఆస్తిలో హక్కు ఉండదు, లాభంలో పాలు మాత్రమే. కాబట్టి పంపకం దావా మాట మరిచిపోండి.

తాతగారి మాట గురించి కూడా ఆశ పెట్టుకోవద్దు. 1991 నాటి రంగరాజ్ కేసు అచ్చం మీ ఇంటి కథలాంటిదే. ఇద్దరు అన్నదమ్ములు, రెండు శాఖలు, 50 వాటాలు, చెరి సగం ఉండాలన్న నోటి ఒప్పందం. కంపెనీ నియమావళిలో రాయని ఆంక్ష కంపెనీనీ కట్టిపడేయదు, వాటాదారులనూ కట్టిపడేయదు అన్నది సుప్రీంకోర్టు. తాతగారు ఆ ఒక్క వాక్యం నియమావళిలో రాయించి ఉంటే ఎంత బాగుండేదో.

కంచె వేసినవాణ్ణి:

నేను అవతలి ఒడ్డు మనిషిని. మా కుటుంబ కంపెనీ భూమిని పద్దెనిమిదేళ్లు ఒంటరిగా కాచాను. ఆక్రమణదారులతో కేసులు, సర్వేయర్ల చుట్టూ తిరుగుళ్లు, రాత్రికి రాత్రి పీకేసిన సిమెంటు స్తంభాలు, అన్నీ నేనే చూసుకున్నాను. దూర దేశాల్లో ఉన్న అన్నల పిల్లలకు ధర పెరిగాకే తాతగారు గుర్తొచ్చారు. వేపచెట్టు గారూ, మీ బాబాయి ఆ లక్షన్నరను కంపెనీ కేసులకే ఖర్చుపెట్టి ఉండవచ్చు గదా? డబ్బు అవసరమైనప్పుడు కొత్త వాటాలు ఇవ్వడం చట్టసమ్మతమే. కష్టపడినవాడికి పెత్తనం ఉండకూడదా?

నల్లకోటు:

కంచె గారి ఆవేదన నాకు అర్థమవుతుంది. ఇలాంటి కేసుల్లో నిజంగా భూమిని కాపాడినవారు చాలాసార్లు ప్రతివాదులుగానే నిలబడతారు. అయితే కష్టానికి ప్రతిఫలం ఒక లెక్క, వాటాలు పుట్టించుకోవడం మరో లెక్క. కంపెనీకి డబ్బు కావాలంటే అప్పుగా ఇవ్వవచ్చు. వాటాలే ఇవ్వదలిస్తే, 2013 కంపెనీల చట్టం 62వ సెక్షన్ ప్రకారం ముందు ఉన్న వాటాదారులందరికీ వారి నిష్పత్తిలో ఇవ్వజూపాలి. ఆ లేఖ రిజిస్టర్డ్ పోస్టులోనో, స్పీడ్ పోస్టులోనో, కొరియర్‌లోనో, ఈమెయిల్‌లోనో వెళ్లినట్టు రుజువుండాలి. వేపచెట్టు గారూ, మీరు మొదట అడగవలసింది ఆ రసీదు. అది లేకపోతే కేటాయింపుకు పునాదే ఉండదు.

రెండోది కోరం. నాన్నగారు, బాబాయి ఇద్దరే డైరెక్టర్లు అయితే 174వ సెక్షన్ ప్రకారం ఇద్దరూ ఉంటేనే సమావేశం. ఒకరు ఐసీయూలో ఉంటే అక్కడ జరిగింది బోర్డు సమావేశం కాదు, ఒక మనిషి ఒంటరిగా రాసుకున్న కాగితం.

కంచె వేసినవాణ్ణి:

వీడియో ద్వారా హాజరు కావచ్చని చట్టంలో ఉంది. ఇంకొక సంగతి. నీడిల్ ఇండస్ట్రీస్ కేసులో కొత్త వాటాల వల్ల ఒక వర్గానికి పట్టు చిక్కినా 1981లో సుప్రీంకోర్టు ఆ జారీని కొట్టేయలేదు. పట్టు మారిందన్న ఒక్క కారణంతో కేటాయింపు చెల్లకుండా పోదు.

నల్లకోటు:

మీరు చెప్పిన తీర్పు నిజమే, దానికి కారణం కూడా చూడండి. విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించాలని అప్పటి విదేశీ మారక చట్టం ఆ కంపెనీని బలవంతపెట్టింది. అలాంటి అవసరం ఉంది గనుకే జారీ నిలబడింది. పెత్తనం దక్కించుకోవడమే అసలు ఉద్దేశమైతే చెల్లదని అదే తీర్పు చెప్పింది. 2004లో డేల్ అండ్ క్యారింగ్టన్ కేసులో మేనేజింగ్ డైరెక్టరు తనకు తాను కేటాయించుకున్న వాటాలను సుప్రీంకోర్టు రద్దు చేసింది. వాటాలు జారీచేసే అధికారం డైరెక్టరుకు కంపెనీ కోసం నమ్మి అప్పగించినది, తన కోసం వాడుకోవడానికి కాదు. ఇక వీడియో అంటారా, గొట్టం వేసి ఉన్న మనిషి ఏ తీర్మానానికి ఔనన్నట్టు?

గట్టుమీద వేపచెట్టు:

అమ్మ పేరు రిజిస్టరులో లేదు. సభ్యులే కానివారికి కేసు వేసే అర్హత లేదని బాబాయి తరఫు లాయరు నోటీసులో రాశారు.

నల్లకోటు:

ఆ నోటీసు చూసి బెదరకండి. చనిపోయిన సభ్యుడి వారసులు తమ పేర్లు రిజిస్టరుకెక్కకముందే అణచివేత పిటిషను, అంటే పెత్తనం ఉన్న వర్గం తమను అణచివేస్తోందన్న ఫిర్యాదు, వేయవచ్చని 1989లో మార్గరెట్ దేసోర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మిమ్మల్ని 20 శాతానికి తగ్గించినా చట్టం అడిగే పదో వంతుకు మించే ఉన్నారు. వెళ్లవలసింది సివిల్ కోర్టుకు కాదు, జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు తెలంగాణలో ఉంటే హైదరాబాద్ బెంచి, ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే అమరావతి బెంచి. గడువు మూడు సంవత్సరాలని పెట్టుకుని పరుగెత్తండి. మీకు మిగిలింది 8 నెలలు కూడా కాదు, ఎందుకంటే లెక్క కేటాయింపు రోజు నుంచే అని అవతలివారు వాదిస్తారు. హాజరుకు రుజువుగా నాన్నగారి సంతకం చూపిస్తే, అది దొంగదో కాదో తేల్చవలసింది సివిల్ కోర్టే అని కూడా అంటారు. అందుకే సంతకం మీదే బరువంతా వేయకండి, 62వ సెక్షన్ లేఖ పంపలేదన్న వాదనను ముందు నిలపండి.

పాత గుమాస్తా:

నేను భయపడేది వేరే. కేసు నడుస్తుండగా భూమి అమ్మేస్తే? ఆస్తి మొత్తం అమ్మాలంటే 180వ సెక్షన్ కింద వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలని చాలామంది ధీమాగా ఉంటారు. ఆర్థిక నివేదికలు సక్రమంగా దాఖలు చేసే ప్రైవేటు కంపెనీలకు అది వర్తించదు, 2015 నుంచే మినహాయింపు ఉంది. అంటే తండ్రీకొడుకులిద్దరూ బోర్డులో కూర్చుని ఒక్క సాయంత్రంలో విక్రయ తీర్మానం చేయగలరు. పిటిషనుతోపాటే యథాతథ స్థితి ఉత్తర్వు అడగండి. ఆ నకలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో మీ చేతులతో ఇచ్చి రసీదు తీసుకోండి. ఇలాంటి సందర్భంలో ఉత్తర్వు చేతిలో ఉండి కూడా రిజిస్ట్రేషను ఆపలేకపోయినవారిని చూశాను. నకలు సమయానికి అక్కడికి చేరలేదు, అంతే.

ఇంకొకటి. చివరికి ఒక వర్గం వాటాలను మరొకరు కొనాలని ట్రిబ్యునల్ ఆదేశించే అవకాశం ఉంది. అప్పుడు వెల ఎలా కడతారన్నదే అసలు పోరు. బ్యాలెన్స్ షీటులో భూమి ఇప్పటికీ 1978 కొనుగోలు ధరకే ఉండి ఉంటుంది. ఆ పుస్తక విలువకు మాత్రం ఒప్పుకోకండి.

గట్టుమీద వేపచెట్టు:

ఈ రోజు కంపెనీ ఆఫీసుకు వెళ్లి హాజరు పుస్తకం చూడనిమ్మని పట్టుబట్టాను. అతికష్టం మీద చూపించారు. ఆ సమావేశం కింద నాన్న సంతకం ఇంగ్లీషులో ఉంది. నాన్న బ్యాంకు చెక్కు మీద కూడా తెలుగులోనే సంతకం చేసేవారు, చివర ఒక చిన్న సున్న చుట్టేవారు. అంతకు ముందున్న పేజీలన్నింటిలో ఆ సున్న ఉంది. ఈ ఒక్క పేజీలో లేదు. కాసేపు మాట రాలేదు. చూసింది చూసినట్టు తేదీ వేసి రాసుకుని, లాయరు దగ్గరికి వెళ్లాను.

కంచె వేసినవాణ్ణి:

అదే నిజమైతే నేను మీ బాబాయి పక్షాన ఒక్క మాట కూడా మాట్లాడను. కాని ఒక విన్నపం. వాటాలు రద్దయి మళ్లీ చెరి సగం అయిననాడు, ఇన్నేళ్లు ఆయన కంచెకూ కేసులకూ పెట్టిన ఖర్చు లెక్క కూడా తీయించండి. దాన్ని కంపెనీ అప్పుగా రాయించండి.

గట్టుమీద వేపచెట్టు:

తప్పకుండా తీయిస్తాను. ఆ ఖర్చు మేము కాదనలేదు. స్తంభాలు పాతించిన రోజున బాబాయితోపాటు నాన్న కూడా ఎండలో నిలబడ్డారు, నాకు తెలుసు. పిటిషను వచ్చే సోమవారం వేస్తున్నాం.