డి'సౌజా పేరు దగ్గర మైఎస్‌క్యూఎల్ ప్రాంప్ట్ '> లో ఇరుక్కుపోతోంది

అమీర్‌పేట_ల్యాబ్:
సికింద్రాబాద్ కస్టమర్ల లిస్టును టెర్మినల్‌లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి ఇన్సర్ట్ చేస్తున్నా. 'డి'సౌజా' ఉన్న లైన్‌కి ఎంటర్ కొడితే ప్రాంప్ట్‌గా (తర్వాతి లైన్ మొదట్లో కనిపించే గుర్తు) '> వస్తోంది. సెమికోలన్, ఎగ్జిట్, బ్యాక్‌స్లాష్ సి, దేనికీ కదలదు. విండో మూసేయడమేనా?

క్వెరీ_కాక:
మూయకండి. సింగిల్ కొటేషన్ ఒకటి తెరిచే ఉందని ఆ గుర్తుకు అర్థం. డి పక్కనున్న కొటేషన్‌తో స్ట్రింగ్ (కొటేషన్ల మధ్య ఉండే అక్షరాల వరుస) ముగిసింది. దాంతో మిగతా జతలన్నీ తారుమారై, చివరి కొటేషన్ కొత్త స్ట్రింగ్‌ని తెరిచింది. ఇక మీరు కొట్టేదంతా, సెమికోలన్‌తో సహా, డేటా కిందే లెక్క. బ్యాక్‌స్లాష్ సి పనిచేయనిదీ అందుకే. ముందు ' కొట్టి, ఆ వెంటనే బ్యాక్‌స్లాష్ సి కొట్టండి, క్వెరీ (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశం) రద్దవుతుంది.

పేరుని 'డి''సౌజా' అని రాయాలి. మధ్యలో ఉన్నవి రెండు సింగిల్ కొటేషన్లు, ఒక డబుల్ కొటేషన్ కాదు.

ఇంకో సంగతి. ఒకే స్టేట్‌మెంట్‌లో ఇలాంటి పేర్లు రెండుంటే కొటేషన్ల లెక్క సరి అయిపోతుంది. అప్పుడు ప్రాంప్ట్ ఆగదు, నేరుగా 1064 సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. కారణం మాత్రం ఇదే.

ప్రాంప్ట్‌ని చదవడం అలవాటు చేసుకోండి: -> అంటే సెమికోలన్ రాలేదు, `> అంటే బ్యాక్‌టిక్ మూయలేదు, /*> అంటే కామెంట్ మూయలేదు.

పోస్ట్‌గ్రెస్_పిల్ల:
పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని టెర్మినల్‌లో వాడే పీఎస్‌క్యూఎల్‌లోనూ '> వస్తుంది. అక్కడ కంట్రోల్ సి చాలు, బఫర్ (అప్పటిదాకా కొట్టిన క్వెరీ) ఖాళీ అవుతుంది. బ్రాకెట్ మూయకపోతే (> అని కూడా చూపిస్తుంది. పెద్ద సబ్‌క్వెరీల్లో (క్వెరీ లోపలి క్వెరీలు) ఇది చాలా పనికొస్తుంది, మైఎస్‌క్యూఎల్‌లో ఈ సౌకర్యం లేదు.

డేటా_దక్కన్:
లిస్టు వర్డ్ ఫైల్ నుంచి పేస్ట్ చేస్తుంటే వంపు తిరిగిన ‘ ’ గుర్తులు చూసుకోండి. మైఎస్‌క్యూఎల్ వాటిని కొటేషన్లుగా గుర్తించదు, పేరులో అక్షరాలే అనుకుంటుంది. అందుకే ‘రవి’ అని ఇస్తే అలాంటి కాలమ్ లేదంటూ 1054 ఎర్రర్ ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్‌దీ అదే ధోరణి. ముందు నోట్‌ప్యాడ్ లాంటి సాదా ఎడిటర్‌లో వేసి, ఫైండ్-రీప్లేస్‌తో మార్చండి.

అమీర్‌పేట_ల్యాబ్:
'\సి పనిచేసింది, థాంక్స్. పేరుని యూజరే టైప్ చేసే షెల్ స్క్రిప్ట్ పోస్ట్‌గ్రెస్‌కి ఉంది. అందులో ఎలా?

పోస్ట్‌గ్రెస్_పిల్ల:
పేరుని క్వెరీలో నేరుగా అతికించకండి. హైఫన్ వి ఆప్షన్‌తో వేరియబుల్‌గా పంపి, క్వెరీలో :'పేరు' అని వాడండి. కొటేషన్లను పీఎస్‌క్యూఎల్ తానే సరిచేస్తుంది. హైఫన్ సి తో ఇచ్చిన క్వెరీలో మాత్రం ఇది పనిచేయదు. క్వెరీని ఫైల్‌లో పెట్టి హైఫన్ ఎఫ్ తో నడపండి.